ఏలూలు మూడో రాత్రి

"పన్నెండుకల్లా వచ్చేస్తాడు, రక్తపరీక్షకి ఎంతసేపు, దారిలో చదరంగం బల్ల ఏదీ కనపడకపోతే," అంటూ గెడాల్యా భార్య మజల్ నన్ను వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి, పుదీనా టీ ముందు పెట్టి, మళ్ళీ తన వంకాయల దగ్గరికి వెళ్ళిపోయింది. పదకొండుకి ఇంకా అయిదు నిమిషాలుంది. అంటే గంట పైన. ఈ గంటలో ఒక్క వాక్యం తయారుచేసుకోవాలి. ముప్ఫై ఏళ్ళుగా వాక్యాలే నా వృత్తి, చంపబడ్డవాళ్ళు డైరీల్లో రాసుకున్న వాక్యాలు, వాటి కింద సన్నటి అక్షరాల్లో నావి, అయినా హైఫా నుంచి అఫులా దాకా రైలు కిటికీకి తల ఆనించి ఎన్నిసార్లు మొదలుపెట్టినా మొదటి మాట దాటలేకపోయాను. గెడాల్యా, మీ నాన్న... గెడాల్యా, పన్నెండేళ్ళ కిందట నేను... గెడాల్యా, ఒక కొత్త పత్రం వెలుగులోకి వచ్చింది... అదిగో, ఆ మూడోది ఎంత నున్నగా వచ్చేస్తుందో. అందులో నేను లేను, ఎవరూ లేరు, ఏదో కాగితం దానంతటదే లేచి వెలుగులోకి నడిచొచ్చినట్టు ఉంటుంది. మా సంపాదకుడు నేర్పిన వాక్యం అది. టీ వేడిగా ఉంది, గ్లాసు అంచు పట్టుకుంటే వేళ్ళు కాలుతున్నాయి, అయినా వదలబుద్ధి కావడంలేదు.

మజల్ వంకాయని మంట మీద తిప్పుతోంది, తొక్క నల్లబడి చిట్లుతోంది, ఆ పొగ వాసన మా అమ్మ వంటింట్లో ఎప్పుడూ లేదు, అసలు మా అమ్మకి వంటిల్లే లేదు. కిబ్బుట్జ్‌లో, అంటే ఆ ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో, అందరం భోజనశాలలో తినేవాళ్ళం, దేవుడి ఊసు ఉండేది కాదు, శుక్రవారం సాయంత్రం ఉతికిన తెల్లచొక్కాలు వేసుకుని పంటల పాటలు పాడితే అదే మా సబ్బాతు, ఆచారపరులు రాతతో సహా ఏ పనీ ముట్టని విశ్రాంతి దినం. పెద్దలు దాన్ని స్వేచ్ఛ అనేవాళ్ళు. మా నాన్న అయితే గడ్డపు ముసలివాళ్ళని చూసి ఎగతాళి చేసేవాడు, వీళ్ళకి పొద్దుగుంకితే రేపు, పొద్దున లేస్తే కూడా అదే రేపు అని. నేను పడీపడీ నవ్వేదాన్ని. మా యూదుల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుందని, రాత్రి ముందు, పగలు తర్వాత అని నాకు తెలియక కాదు, పరీక్షలో అడిగితే రాసేదాన్ని. తెలియడం వేరు, ఒంటికి పట్టడం వేరు. నేను పుస్తకంగా వేసిన డైరీ పిల్ల ఇట్కాకి ఒంటికి పట్టింది. నాకు పట్టలేదు. ఇంత చిన్న తేడాకి ఒక మనిషి పన్నెండేళ్ళు తలెత్తుకోలేకపోయాడు.

ఇట్కాకి పదిహేడేళ్ళు. పోలండ్‌లో బియాలిస్టాక్ దగ్గరి ఒక చిన్న ఊళ్ళో, తోళ్ళ కార్ఖానా కింద నేలమాళిగలో పన్నెండుమంది దాక్కుంటే వాళ్ళలో ఒక పిల్ల. బడి నోటుపుస్తకంలో యిద్దిష్‌లో పెన్సిల్‌తో రాసింది, రాత్రి ఒక్కసారి దీపం వెలిగించి తిండి పంచుకునే ఆ పావుగంటలోనే రాసేది. యుద్ధం అయిపోయిన యాభై ఏళ్ళకి గోడ పగలగొడితే ఇటుకల మధ్య దొరికింది. ఆ పిల్ల రాతని నేను ఏడేళ్ళు చదివాను, పెన్సిల్ మొద్దుబారినప్పుడు ఎలా రాస్తుందో, ఆకలేసినప్పుడు అక్షరాలు ఎలా పెద్దవవుతాయో నాకు తెలుసు, నా సొంత కూతురి రాత కంటే బాగా తెలుసు, ఆ మాట నా కూతురు కూడా ఎత్తిపొడుస్తూ ఉంటుంది. ఆఖరి రాత మూడు పంక్తులు. "ఏలూలు మూడు, రాత్రి. లైజర్ బయల్దేరాడు. నాన్న తన బూట్లు ఇచ్చాడు. తెల్లారేలోపు రొట్టె, ఉప్పు తెస్తానన్నాడు." ఆ తర్వాత తెల్ల కాగితం. పంతొమ్మిదివందల నలభై మూడులో సెప్టెంబర్ నాలుగు, శనివారం తెల్లవారుజామున జర్మన్ పోలీసులు నేలమాళిగ పలకలు ఎత్తారు, పదకొండుమందిని బయటికి లాగి కార్ఖానా గోడ దగ్గరే కాల్చేశారు. ఆ పదకొండుమందిలో లైజర్ లేడు. లైజర్ కొడుకు గెడాల్యా, అప్పటికి మూడేళ్ళవాడు, ఊరవతల ఒక చాకలామె ఇంట్లో వేరే పేరుతో పెరుగుతున్నాడు. అలా బతికాడు.

ఆ ఏడాది చిత్రం ఏమిటంటే మా పంచాంగంలో ఏలూలు నెల ఒకటీ సెప్టెంబర్ ఒకటీ ఒకే రోజున వచ్చాయి. ఏలూలు మూడంటే సెప్టెంబర్ మూడు, లెక్క కట్టే పనే లేదు. పని లేదు కాబట్టే కట్టలేదు. ఏలూలు మూడు రాత్రి అంటే సెప్టెంబర్ మూడు రాత్రి, శుక్రవారం రాత్రి, అని నా పుస్తకంలో రాసేశాను. దాని కింద నలభై ఒకటో ఫుట్‌నోట్. నాకు కంఠతా వచ్చు. "లైజర్ వెళ్ళిన కొద్ది గంటలకే పోలీసులు నేరుగా దాగుడు చోటుకే రావడాన్ని బట్టి, అతడు పట్టుబడి ఆ చోటు చెప్పి ఉండే అవకాశం ఎక్కువ." అవకాశం ఎక్కువ. ఎంత జాగ్రత్తగా రాశాననుకున్నానో. ఆ రెండు మాటలూ కలిసి నన్ను కాపాడతాయని అప్పుడు అనుకున్నాను.

"బిస్కట్ తీసుకో. ఏంటి ఇంత బక్కగా ఉన్నావు, యూనివర్సిటీవాళ్ళు తిండి పెట్టరా?" అంది మజల్ వెనక్కి తిరక్కుండానే. తలుపు దగ్గర యూనివర్సిటీ నుంచి వచ్చాననే చెప్పాను, పేరు చెప్పలేదు, ఆవిడా అడగలేదు. "పెడతారండీ, నేనే తినను." "తినాలి తల్లీ. తినకుండా చదువులేం చదువుతారు మీరు." బిస్కట్‌లో నువ్వులున్నాయి. నమలడం పెద్ద పనైపోయింది, పదకొండుంబావు, ఎక్కడో పైన ఎవరో సోఫా జరుపుతున్న చప్పుడు, కిందినుంచి ఎవరో ఎక్కుతున్న అడుగులు, ఆయనేనా, కాదు, అడుగులు రెండో అంతస్తులో ఆగిపోయాయి. యాభై ఎనిమిదేళ్ళు నాకు, రెండు బహుమతులు, చేతికింద పన్నెండుమంది పరిశోధక విద్యార్థులు, మెట్లెక్కే ముసలాయన అడుగుల చప్పుడికి బెదిరిపోతున్నాను.

ఫ్రూమా ఫోన్ చేసింది కిందటి వారం మంగళవారం. రెండో ముద్రణకి ప్రూఫులు దిద్దే మనిషి, ఆచారపరుల ఊరు బ్నేయ్ బ్రాక్‌లో ఉంటుంది, ఏడుగురు పిల్లలు, నన్ను ఒక్కసారీ ముఖాముఖి చూడలేదు. "డాక్టరమ్మా, ఓ మాట అడుగుతా, కోప్పడకండి. ఈ పిల్ల శుక్రవారం రాత్రి పెన్సిల్ పట్టిందంటారా?" అంది. నేను మామూలుగా, ఆకలితో చావబోతున్నవాళ్ళు అన్నీ పాటించగలరా ఫ్రూమా, అన్నాను, మా నాన్న గొంతే అది. ఆవిడ, "ఏమో అమ్మా, మిగిలిన శుక్రవారాలు మీరు చూశారేమోనని," అని ఫోన్ పెట్టేసింది. చూడలేదు. ఏడేళ్ళు ఆ నోటుపుస్తకంతో కాపురం చేశాను, శుక్రవారాలు చూడలేదు. ఆ సాయంత్రం నేలమీద కూర్చుని చూశాను. ముప్ఫై ఒక్క శుక్రవారం రాత్రులు, ఒక్కదానికీ ఒక్క అక్షరం లేదు. పన్నెండేళ్ళ కిందట ముందుమాటలో నేనేం రాశానో తెలుసా, మధ్యమధ్య ఖాళీలు నీరసం వల్ల వచ్చినవని రాశాను. నీరసం కాదు. సబ్బాతు. చీకట్లో, పేలు కుడుతుంటే, తలమీద బూట్ల చప్పుడు వింటూ, సబ్బాతు వచ్చింది, ఇక రాయకూడదని పెన్సిల్ కింద పెట్టింది ఆ పిల్ల. వారం వారం పెట్టింది. అలాంటిది ఆ ఒక్క శుక్రవారం రాత్రి రాయదు. ఏలూలు మూడో రాత్రి అంటే ఆ పిల్లకి మూడో తేదీ ముందు రాత్రి, గురువారం రాత్రి. లైజర్ వెళ్ళింది గురువారం. దాడి జరిగింది శనివారం తెల్లవారుజామున. మధ్యలో ఒక పగలూ ఒక రాత్రీ ఉన్నాయి, వాటిని నేను మింగేశాను.

అంతటితో ఆగితే బావుండేది. గస్తీ పోలీసుల రిజిస్టర్‌లో ఒక పంక్తి ఉంది, నేను అప్పుడే చూసిన పంక్తి, సెప్టెంబర్ మూడు, తెల్లవారుజామున అయిదుగంటలు, ఇటుకబట్టీ దగ్గర ఒక యూదుడు, కాల్చివేత. లైజర్ ఆ రాత్రికి గదా వెళ్ళింది, పొద్దున్నే ఎలా చస్తాడు, తేదీ కుదరదు, ఇంకెవరో పాపం, అని పక్కన పెట్టేశాను. ఆ పంక్తి చివర ఒక ఫైలు నంబరు ఉంది. ఆర్కైవ్‌కి ఒక ఉత్తరం రాస్తే ఆ ఫైలు వచ్చేది. రాయలేదు, ఆ ఏడాది నాకు ప్రమోషన్ ఉంది, పుస్తకం వసంతానికల్లా రావాలి. కిందటి బుధవారం రాశాను, ఆదివారం వచ్చింది, నాలుగు రోజులు పట్టింది అంతే. ఒక్క పేజీ. ఆగమంటే ఆగలేదు, అడవివైపు పరుగెత్తాడు, వయసు ముప్ఫై ఉండవచ్చు, సంచిలో రెండు రొట్టెలు, ఒక పొట్లం ఉప్పు, కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఇట్కా మొదటి పేజీల్లోనే రాసింది, రంపపు మిల్లులో పనిచేసిన లైజర్ మిగిలిన మూడు వేళ్ళతో ముడులు వేస్తాడని, పిల్లలందరూ నేర్పమంటారని. ఆ పేజీ చదివాక నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

"ఒక్క అంకె మార్చు, రెండు పంక్తులు చేర్చు," అన్నాడు సంపాదకుడు. "కొత్త పత్రం దొరికిందని రాయి. అబద్ధం కాదుగా, ఆదివారమేగా వచ్చింది." అబద్ధం కాదు. అందుకే భయంగా ఉంది. రాయొచ్చు, చెప్పొచ్చు, గెడాల్యా సంతోషిస్తాడు, మజల్ వంకాయలు కట్టి ఇస్తుంది, నేను రెండు పది రైలుకి వెళ్ళిపోతాను, పుస్తకం మళ్ళీ మెచ్చుకుంటారు, నిజం కోసం ఇంత దూరం వెళ్ళే మనిషి అని నన్నూ మెచ్చుకుంటారు. ఎవరు అడుగుతారు, ఆ ఫైలు నంబరు నీకు ముందే తెలుసా అని. ఎవరూ అడగరు. ఫ్రూమా అడగదు, ఆవిడ ప్రశ్న ఆవిడ అడిగేసింది.

ఆ హాలు గుర్తొస్తోంది, వద్దంటే వస్తోంది. పుస్తకం విడుదల రోజు, ఆ ఊరివాళ్ళ సంఘం, ముసలివాళ్ళూ వాళ్ళ పిల్లలూ, నారింజ రసం, ఉప్పు బిస్కట్లు. నాలుగో వరసలోంచి ఒకాయన లేచి నా దగ్గరికి వచ్చాడు, చేతిలో పుస్తకం, వేలు ఆ పేజీలో పెట్టి మూసి పట్టుకున్నాడు. "ఇది... మీకు ఖచ్చితంగా తెలుసా అండీ?" అన్నాడు. గొడవకి రాలేదు, నిజంగానే అడిగాడు, డాక్టర్‌ని అడిగినట్టు. నేనేమన్నాను? నా వెనక ఫొటోలకి పిలుస్తున్నారు. "నన్ను క్షమించండి, కానీ పత్రాలు అబద్ధం చెప్పవు," అన్నాను. ఎంత అందంగా అన్నాను! ఆయన తలూపాడు. సంఘం అధ్యక్షురాలు ద్వోరా, ఇట్కా అన్న కూతురు, అప్పటిదాకా ఆయన భుజం మీదున్న చెయ్యి తీసేసింది. అది చూశాను. చూసి ఫొటోకి వెళ్ళాను. ఆ మరుసటేడు స్మారక శిల మీద పేర్లు చెక్కించినప్పుడు పదకొండే చెక్కించారు, లైజర్ పేరు వద్దన్నారు, నా పుస్తకం చూపించే వద్దన్నారు.

"జుట్టు అప్పుడు నల్లగా ఉండేది నీకు," అంది మజల్.

నాకు అర్థం కాలేదు. ఆవిడ పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది. "పుస్తకం వెనక అట్ట మీద. తలుపు తియ్యగానే గుర్తుపట్టా. మొహం మీదే తలుపేసేద్దామనుకున్నా, మా ఇంట్లో అలా చెయ్యరు, అందుకని టీ పెట్టా." ఆవిడ మాటలో కోపం లేదు, అదే భరించలేకపోయాను. "మజల్ గారూ, నేను..." "నువ్వు తర్వాత చెబుదువుగాని, ముందు నేను చెప్పనీ, ఆయనొస్తే చెప్పనివ్వడు. ఏలూలు నెల వస్తే మా ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసా నీకు? ప్రాయశ్చిత్త దినానికి ముందు అందరూ ఒకళ్ళనొకళ్ళు క్షమించమని అడుక్కుంటారు, అది మామూలే, నేనూ మా వదినని అడుగుతా, ఆవిడ క్షమించదు, అది వేరే కథ. ఈయన ఏం చేస్తాడంటే ఆ చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళకి ఫోన్ చేస్తాడు. ఆరు ఇళ్ళున్నాయి. ఒక్కో ఇంటికీ చేసి, మా నాన్న తరఫున క్షమించండి అంటాడు. ప్రతి ఏడూ! లేచి నిలబడి మాట్లాడతాడు, కూర్చోడు. ఒకావిడ పెట్టేస్తుంది. ఒకాయన, క్షమించడానికి నేనెవర్ని, చచ్చిన మా అమ్మనడుగు, అంటాడు. ఆ ద్వోరా అయితే, విన్నాను గెడాల్యా, అని ఊరుకుంటుంది, పన్నెండేళ్ళుగా విన్నాను అనే మాటే తప్ప ఇంకో మాట లేదు. నేను చెప్పాను, అయ్యా, మీ నాన్న చేశాడో లేదో ఆ దేవుడికి తెలుసు, చేసినా గోళ్ళు పీకితే నేనూ చెబుతా, నువ్వూ చెబుతావు, అని. వినడు. చదువుకున్న మనిషి రాసింది మజల్, అంటాడు." లేచి మళ్ళీ వంకాయల దగ్గరికి వెళ్ళింది. "ఇప్పుడు చెప్పు, ఎందుకొచ్చావు?"

ఆయనకే చెప్పాలి, ముందు ఆయనకి, అని మాత్రం అన్నాను, ఆవిడ వంకాయల తొక్క తియ్యడం మొదలుపెట్టింది. పన్నెండు ఏళ్ళు ఆరు ఇళ్ళు, ఎన్ని ఫోన్లు, లెక్క వెయ్యకు, నువ్వు లెక్కలు వెయ్యకు. నేను వాళ్ళ మనసుల మీద వ్యాసాలు రాశాను, బాధితుల పిల్లల్లో అపరాధ భావన అని ఒక సెమినార్‌లో నలభై నిమిషాలు మాట్లాడాను, ఆ నెలలో ఈ వంటింట్లో ఈయన నిలబడి నంబర్లు నొక్కుతున్నాడు. లేచి వెళ్ళిపోతే? ఉత్తరం రాయొచ్చు. ఉత్తరంలో మంచి వాక్యాలు వస్తాయి నాకు. సంచీ కుర్చీ కింద ఉంది, తలుపు అయిదడుగుల దూరం, మజల్ ఆపదు. ఆపదు గానీ చూస్తుంది. మెట్ల మీద అడుగులు, ఒక్కో మెట్టుకీ ఆగుతున్నాయి, రెండో అంతస్తు దాటాయి, ఈసారి ఆగలేదు.

గెడాల్యా లోపలికి వచ్చాడు. మోచెయ్యి మడతలో దూది, దానిమీద ప్లాస్టర్. డెబ్భై తొమ్మిదేళ్ళు. నన్ను చూసి ఆగాడు. గుర్తుపట్టాడు, ఆయనకీ వెనక అట్ట గుర్తుంది. విచిత్రం, టోపీ తీశాడు. "డాక్టర్‌గారూ," అన్నాడు, "ఇంకేమైనా దొరికిందా?" ఆ గొంతులో భయం. ఇంకా ఏం చేశాడు మా నాన్న, అని ఆ భయం.

"కొత్త పత్రం ఒకటి..." అన్నాను. నోరు దానంతటదే అనేసింది. మజల్ చేతిలో చాకు ఆగింది. "కాదు. పత్రం పాతదే. అది ఉందని నాకు అప్పుడే తెలుసు, తెప్పించి చూడలేదు. తేదీ నేను తప్పు వేశాను. మీరు హాలులో నన్నడిగారు, ఖచ్చితంగా తెలుసా అని. నాకు తెలియదు. తెలుసన్నాను." ఆ తర్వాత అంతా చెప్పాను, సబ్బాతు, ముప్ఫై ఒక్క శుక్రవారాలు, గురువారం రాత్రి, ఇటుకబట్టీ, వేళ్ళు. వరసగా రాలేదు, ఒకటి చెబుతూ ఇంకోదానిలోకి వెళ్ళిపోయాను, ఆయన ఒక్కసారీ అడ్డురాలేదు. దాగుడు చోటు ఎవరు చెప్పారో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు, మీ నాన్న మాత్రం కాదు, ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, అడిగే సమయమే లేదు, అన్నాను. ఆ పేజీ బల్ల మీద పెట్టాను. ఆయనకి జర్మన్ రాదు, అయినా కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చూశాడు.

"రొట్టె దొరికిందా ఆయనకి?" అన్నాడు.

"రెండు రొట్టెలు. ఉప్పు కూడా."

"తిరిగొస్తున్నాడన్నమాట." పేజీ మీంచి తలెత్తి, "ఎటు పరిగెత్తాడు?"

"అడవివైపు."

"నేలమాళిగ అటేనా?"

"కాదు. అది ఊళ్ళో. అడవి దానికి పూర్తిగా ఎదురుదిక్కు."

గెడాల్యా కుర్చీ వెనకభాగం పట్టుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను, లేకపోతే అరుస్తాడని, అరిస్తే బావుండునని కూడా. మజల్ వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసింది, వంకాయ మసి అంటిన చెయ్యి, తెల్లచొక్కా మీద. "కూర్చో అయ్యా," అంది. కూర్చోలేదు. "మూడేళ్ళు నాకు. మొహం గుర్తులేదు," అన్నాడు, నాతో కాదు, మజల్‌తోనూ కాదు. "అయినా తిట్టుకున్నాను. పన్నెండేళ్ళు తిట్టుకున్నాను ఆయన్ని."

"నన్ను తిట్టండి," అన్నాను.

"తిడితే ఏం వస్తుంది డాక్టర్‌గారూ." ఫోన్ తీసుకొచ్చి నా ముందు పెట్టాడు, పాత తీగ ఫోను, పక్కన గళ్ళ కాగితం మీద ఆరు నంబర్లు, లావుపాటి అక్షరాలు. "నేను చెబితే నమ్మరు. కొడుకు కదా, ఏదో ఒకటి చెబుతాడంటారు. మీరు చెప్పండి."

"ఇప్పుడా? గెడాల్యా గారూ, నేను అందరికీ పద్ధతిగా ఉత్తరాలు..."

"ఇప్పుడే. నేను ఇక్కడే ఉంటాను."

మొదటి నంబరు ద్వోరాది. అంకెలు నొక్కుతుంటే వేలు జారి ఒకసారి తప్పింది, మళ్ళీ నొక్కాను. కూర్చుని ఉన్నానని గమనించి లేచి నిలబడ్డాను. మోగుతోంది, నాలుగు, అయిదు. ఎత్తింది. వాళ్ళింట్లో రేడియో వినిపిస్తోంది, ఈ నంబరు చూసే ఎత్తి ఉంటుంది.

"ఏంటి గెడాల్యా, ఏలూలుకి ఇంకా నెలన్నర ఉందిగా?" అంది విసుగ్గా. "సరే కానీ. వింటున్నాను."

"గెడాల్యా కాదు ద్వోరా గారూ," అన్నాను. "నేను హెమ్‌దాని, పుస్తకం రాసినదాన్ని. ఆ రేడియో కట్టెయ్యండి."